గరిడీ నుంచి కరాటే బడి దాకా: సాము గురువును పోషించినదెవరు?

తెలుగు నేలపై సాము నేర్వగోరిన పేదింటి కుర్రవాడు ఏ విద్యను ఎంచుకున్నాడన్నది అతని ఇష్టం కన్నా, ఆ విద్య చెప్పే గురువుకు ఎవరు తిండి పెట్టారన్న దానిమీదనే ఎక్కువగా ఆధారపడింది. గరిడీ అంటే కర్ర, కత్తి తిప్పడం, కుస్తీ పట్లు పట్టడం నేర్పే చోటు. ఉత్తరాంధ్రలో ఆ చోట నేర్చినదాన్ని ఊరి నడుమ ప్రదర్శించడాన్ని కూడా గరిడీ అనే అంటారు. ఉర్దూ మాట్లాడేవారి ప్రభావం ఉన్న పట్టణాల్లో ఇదే చోటుకు తాలింఖానా అని పేరు, అక్కడి గురువు ఉస్తాదు. ఈ విద్యల చరిత్ర రాసినవారు పట్లనూ వీరులనూ వర్ణించినంతగా ఖర్చుల సంగతి పట్టించుకోలేదు గాని, ఏ విద్య బతికిందో, ఏది అంతరించిందో తెలియాలంటే ఆ లెక్కనే ముందు చూడవలసి ఉంటుంది.

విజయనగర కాలంలో ఆ ఖర్చు రాజుది. 1520 ప్రాంతంలో రాజధానిని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి సాము చేసి, ఆ నూనె చెమటగా బయటికి వచ్చిన తరువాత తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడని రాశాడు. కొన్నేళ్ల తరువాత వచ్చిన మరో పోర్చుగీసువాడు న్యూనిజ్, మహర్నవమి ఉత్సవాల కోసం రాజు వెయ్యిమంది మల్లులను నిత్యం పోషించేవాడనీ, వారు చేతుల్లో ముళ్లున్న కడియాల వంటి ఆయుధాలు ధరించి ఒకరినొకరు గాయపరచుకొనేవారనీ చెబుతాడు. అంతమందికి కడుపునిండా తిండి పెట్టగల ఖజానా ఉన్నంతకాలం మల్లవిద్య ఒక వృత్తిగా నిలిచింది. అయితే ఆ వృత్తిలోకి ప్రవేశం అందరికీ సమానంగా దొరికేది కాదు. జెట్టీలనే కులంవారు దాన్ని వంశపారంపర్యంగా చేసుకొన్నారు. దక్షిణ భారత కులాల గురించి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం నాటికి తెలుగు ప్రాంతంలోని జెట్టీలు నరాల నొప్పులకు మర్దన చేస్తూ, తైలాలు పూస్తూ కనిపిస్తారు. తంజావూరు రాజుల కాలంలో అక్కడి జెట్టీలు ఖజానాకు, నగల గదులకు కావలి కాశారని కూడా ఆ గ్రంథమే చెబుతోంది. పోషించే రాజు లేకుండా పోయిన తరువాత మల్లుడి చేతికి వైద్యమే జీవనాధారమైన తీరు ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

రాయలసీమలో ఆయుధ విద్యను పోషించినది భూమి. పాలెగాండ్ర కింద ఊళ్లకు కావలి కాస్తూ, పిలుపు వస్తే ఆయుధం పట్టే కట్టుబడి బంట్రోతులు అందుకు ప్రతిఫలంగా ఈనాం పొలాలు అనుభవించేవారు కాబట్టి, కొడుకుకు కత్తి, కర్ర నేర్పడమంటే ఆ పొలాన్ని నిలుపుకోవడమే అయింది. ఆ చదువుకు వేరే రుసుము అక్కరలేకపోయింది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు, అంటే నేటి రాయలసీమ ప్రాంతానికి, ఈస్టిండియా కంపెనీ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాండ్ర బలాన్ని అణచివేయడంతో ఈ ఏర్పాటు సడలింది. 1846లో కంపెనీపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవారిలో ఈనాముల విషయంలో నష్టపోయిన కట్టుబడులు ఉండడం యాదృచ్ఛికం కాదు. ఉత్తర సర్కారుల్లోనూ ఇంచుమించు ఇదే జరిగింది: 1794 జూలై 10న కంపెనీ సేనతో జరిగిన పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకూలాడు, 1802 శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారులు సైన్యం లేని శిస్తుదారులుగా మిగిలారు. ఆ పైన 1878 ఆయుధ చట్టం తుపాకులతో పాటు కత్తులను కూడా లైసెన్సుల పరిధిలోకి తెచ్చింది.

అప్పుడు సామాన్యుడికి మిగిలినవి రెండే, కుస్తీ, కర్రసాము. ఈ రెండింటి ఖర్చులో ఉన్న తేడాను గమనిస్తే తరువాతి చరిత్ర చాలావరకు అర్థమవుతుంది. తాలింఖానాలో చేరడానికి కొబ్బరికాయ, పూలదండ, గురువుకు ఇచ్చుకోగలిగిన దక్షిణ సరిపోయేవి. దండేలు, బస్కీలు తీయడానికి నేల చాలు, లంగోటా ఖరీదు ఎంతో కాదు, గద వంటి సామగ్రి అందరిదీ కలిసి ఒకటే. అయినా కుస్తీ పేదవాడి విద్య కాలేకపోయింది. పహిల్వాను తినవలసిన పాలు, నెయ్యి, బాదం పప్పుల ఖర్చు, అంటే వారి మాటల్లో ఖురాకు, కూలి చేసుకొనే కుటుంబం మోయలేనిది. పైగా పొద్దున, సాయంత్రం మట్టిలో శ్రమించేవాడు మధ్యలో మరో పని చేసి సంపాదించడమూ కష్టమే. అందుకే జమీందారో, సంస్థానాధీశుడో, ఊరి షావుకారో చేరదీస్తే తప్ప కుస్తీలో పైకి వచ్చినవారు అరుదు. కర్రసాముకు ఈ ఇబ్బంది లేదు. వెదురు కర్ర ఊళ్లోనే దొరుకుతుంది, ప్రత్యేకమైన తిండి అక్కరలేదు, పొలం పనులు లేని రోజుల్లో రాత్రిపూట వెన్నెల్లో అభ్యాసం సాగుతుంది. దసరాకు, గ్రామదేవత పండుగకు, పీర్ల పండుగకు ప్రదర్శన ఇచ్చినప్పుడు ఊరే బహుమానం ఇస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో గరిడీ నేటికీ మిగిలి ఉండడానికి దాని చవకతనమే ముఖ్య కారణమని చెప్పడం సబబు.

వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు జీవితం పోషకులు మారిన తీరుకు మంచి ఉదాహరణ. అంతటి బలశాలి కూడా ముందు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా జీతం తీసుకొన్నాడు, తరువాత సర్కసు కంపెనీ పెట్టి గొలుసులు తెంచడం, ఏనుగును రొమ్ముపై ఎక్కించుకోవడం వంటివి టిక్కెట్టు కొన్న జనానికి చూపించాడు. బలవిద్యకు రాజు స్థానంలో పాఠశాల, ప్రేక్షకులు పోషకులైన కాలం అది. ఆ తరువాత, అసలు గురువే లేని శిక్షణ తెలంగాణలో పుట్టింది: 1946లో భూస్వాములైన దేశముఖుల గూండాలను ఎదుర్కొన్న ఆంధ్ర మహాసభ (జనం మాటల్లో ‘సంఘం’) కార్యకర్తలు గుత్పలు అనే పొట్టి దుడ్డుకర్రలతో, వడిసెలలతో నిలబడ్డారు. ఆ సంవత్సరం జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యే నాటికి ఆ జనం చేతుల్లో ఉన్నవి పైసా ఖర్చులేని ఆయుధాలే.

కరాటే తెచ్చిన ఏర్పాటు వీటన్నింటికీ భిన్నమైనది. ఒకినావా దీవుల విద్యను 1922లో టోక్యోలో ప్రదర్శించిన ఫునకోషి గిచిన్, జూడో స్థాపకుడు కానో జిగొరో ఏర్పరచిన తెల్ల దుస్తులను, శ్రేణుల పద్ధతిని స్వీకరించి 1924లో తన శిష్యులకు తొలి నల్ల బెల్టులు ఇచ్చాడు. 1973లో వచ్చిన బ్రూస్ లీ చిత్రం ‘ఎంటర్ ది డ్రాగన్’ తరువాత భారతదేశ నగరాల్లో ఈ బడులు పెరిగాయి. తెలుగులో సుమన్, భానుచందర్ వంటి నటులు ఆ మోజును ఇంటింటికీ చేర్చారు. ఇక్కడ గురువును పోషించేది రాజూ కాదు, ఊరూ కాదు, విద్యార్థి తల్లిదండ్రులు. నెలసరి రుసుముతో పాటు దుస్తులకు, ఒక్కొక్క బెల్టు పరీక్షకు, ధ్రువపత్రానికి, పోటీలకు విడివిడిగా చెల్లించవలసి ఉంటుంది కాబట్టి, రెండు బడుల నెల రుసుము ఒకటే అయినా ఏడాది ఖర్చు ఒకటి కాకపోవచ్చు. బెల్టుల వరుస పిల్లవాడి పురోగతిని తల్లిదండ్రుల కళ్లకు కట్టిన మాట నిజమే, ఆ మేలును కాదనకూడదు. అయితే పరీక్షలు ఎంత త్వరత్వరగా వస్తే బడికి అంత ఆదాయం గనుక, తక్కువ ఆదాయం గల కుటుంబం చేర్చే ముందే నల్ల బెల్టు దాకా అయ్యే మొత్తం ఎంతో అడిగి తెలుసుకోవాలి. పాత తాలింఖానాలో ఖురాకు ఎలా దాగిన ఖర్చో, ఈ పరీక్షల రుసుము కూడా అలాంటిదే.

ఇటీవల ప్రభుత్వమే మళ్లీ పోషకుడి స్థానంలోకి కొంతవరకు వచ్చింది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల పాటు ఆత్మరక్షణ శిక్షణ ఉచితంగా ఇస్తున్నారు. మూడు నెలల్లో ఏ విద్యా పట్టుబడదు. దాన్ని ఏడాది పొడవునా సాగించి, ఉత్తరాంధ్ర పాఠశాలల్లోనైనా శిక్షకుల జీతాన్ని ఊళ్లలో మిగిలిన గరిడీ గురువులకు ఇవ్వాలని విద్యాశాఖలను కోరడం న్యాయం.