మన ఇల్లు 'కచ్చా' ఎప్పుడయింది?



మొన్న సెలవులకు ఊరెళ్లేసరికి ఇళ్ల సర్వే జరుగుతోంది. వచ్చినాయన మా పెదనాన్న ఇంటి ముందు నిలబడి ఫోన్‌లో 'కచ్చా' అని నొక్కేశాడు. వెదురు తడికె, దానికి రెండు పక్కలా ఎర్రమట్టి, పైన గడ్డి. "కచ్చా అంటే ఏంట్రా?" అన్నాడు పెదనాన్న. గట్టిది కాదని అర్థం అన్నాం. ఆయన నిట్రాడు మీద చెయ్యేసి, "ఇది మీ తాత పాతింది" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత కూర్చుని చదివిందీ, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన గోదావరి ఏజెన్సీలో కోయలైనా కొండరెడ్లైనా ఇంటికి కావల్సింది నడిచి తెచ్చుకున్నంత దూరంలోనే చూసుకున్నారు. చెద పట్టని చేవకర్ర నిట్రాడుకి, గుంజలకి. వాసాలకి, తడికెలకి వెదురు. కట్టడానికి అడ్డతీగ నార. గోడకి మట్టి, పేడ. వెదురు ఎప్పుడు పడితే అప్పుడు నరికేవాళ్లు కాదు. చలికాలంలో, వెన్నెల తగ్గే రోజుల్లో నరికి కొన్నాళ్లు వాగులో నానబెట్టేవాళ్లు. వెదురులో ఉండే పిండి, చక్కెర పదార్థం కోసమే పుచ్చుపురుగు వస్తుంది, నానబెడితే అది నీళ్లలోకి పోతుంది. ఈ సంగతి మాకు కాలేజీ పుస్తకంలో కనపడింది. మా తాతకి పుస్తకం లేకుండానే తెలుసు. పొయ్యి పొగ కూడా ఊరికే పోయేది కాదు, పై గడ్డినీ వాసాలనూ పురుగు నుంచి కాపాడేది.

మరి ఈ కర్రకి అడ్డు ఎప్పుడొచ్చింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశాక, అంతదాకా ఇంటి సామానుగా ఉన్న కర్రకి పర్మిట్ అడగాల్సి వచ్చింది. 1922-24లో అల్లూరి సీతారామరాజుతో కలిసి మనవాళ్లు తిరగబడ్డారంటే పోడు మీద, అడవి మీద పెట్టిన ఆంక్షలు, రోడ్డు పనుల వెట్టి ముఖ్య కారణాలు. 1941 ప్రాంతంలో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెన్‌డార్ఫ్, కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కుకుని వాళ్లకే వెదురు, కలప కొట్టిపెట్టే రెడ్ల గురించి రాశాడు. అదే వెదురు తెప్పలు కట్టి గోదావరి మీద కిందికి పోయేది. తర్వాత కాగితం మిల్లులకీ పోయింది. మన చేత్తో నరికిందే, మన ఇంటికి తెచ్చుకుంటే మాత్రం నేరం.

ఇంకో పక్క పెంకు వచ్చింది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో పేరు తెచ్చుకున్న పెంకు అది, మన దగ్గర బంగళా పెంకు అంటాం. మంచి సామానే. గాలి ఆడుతుంది, పగిలిన ఒక్కటీ మార్చుకోవచ్చు. కానీ బరువెక్కువ, కింద గట్టి కలప కావాలి. కలపకేమో కేసు. అందుకే చాలా ఊళ్లలో గడ్డి తీసేసి నేరుగా సిమెంటు రేకు వేశారు. నాలుగు కర్రలు చాలు, ఒక్కరోజులో కప్పేయొచ్చు.

జనాభా లెక్కల పద్ధతి చూస్తే ఇంకా విచిత్రం. మట్టి, వెదురు, గడ్డి 'కచ్చా' కింద రాస్తారు, ఆస్బెస్టాస్ రేకు 'పక్కా' కింద. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్‌కి కారణమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన ఊళ్లలో మూతికి గుడ్డ కూడా లేకుండా ఆ రేకుల్ని రంపంతో కోస్తున్నారు. దయచేసి పొడిగా కొయ్యకండి, కోయనివ్వకండి.

అలాగని పాత ఇల్లే స్వర్గం అని మేం చెప్పడం లేదు. గడ్డి ఇల్లు అంటుకుంటే ఊరంతా అంటుకుంటుంది. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి, ఆ గడ్డి ఇప్పుడు దొరకడమూ కష్టమే. గోడలు అలికే పని మొత్తం అమ్మల మీదే పడింది, దీని గురించి మగపిల్లలం ఎప్పుడూ మాట్లాడం. మా అమ్మ అయితే "నీకేం, అలికేది నువ్వా? నాకు స్లాబే కావాలి" అని తేల్చి చెప్పింది.

ఇప్పుడు అసలు విషయం. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద కొండరెడ్ల లాంటి పీవీటీజీలకి ఇంటికి 2 లక్షలు ఇస్తున్నారు. గ్రామీణ ఆవాస్ యోజన రూల్సులో పక్కా ఇల్లంటే, మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్లు నిలిచేది అని రాసి ఉంది. స్లాబే వెయ్యాలని ఆ నిర్వచనంలో లేదు. 2006 అటవీ హక్కుల చట్టమైతే వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించుకునే హక్కు మనకిచ్చింది. మండలాఫీసులో ఈ రెండూ చూపిస్తే "బిల్లు పడాలంటే అందరూ కట్టినట్టే కట్టండి" అన్నారు మాతో. ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే మాత్రం రాసివ్వలేదు. మీ ఊళ్లలో గ్రామసభ తీర్మానంతో పెంకు కప్పు వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, మాకు ఆ తీర్మానం నకలు కావాలి.

ప్రస్తుతానికి పెదనాన్న, అమ్మ ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు గదికి ఇటుక గోడలు, స్లాబు. వెనక వంటిల్లు, వసారా వెదురు, మట్టి, పైన బంగళా పెంకు. నిట్రాడు కదపరు. వెదురు నరికేశాం, ఇప్పుడు వాగులో నానుతోంది.