ఒంగోలు సంఘం: కాపరి మారినప్పుడు

మన ప్రాంతపు క్రైస్తవ సంఘాల చరిత్ర రాసినవారు చాలావరకు దొరల జీవితచరిత్రలే రాశారు. ఫలానా సంవత్సరంలో ఫలానా దొర ఓడ దిగాడు, ప్రార్థించాడు, బోధించాడు, వేలమంది వచ్చి చేరారు. అంతటితో కథ ముగుస్తుంది. దొర వచ్చేనాటికి ఆ వేలమంది ఏ పని చేస్తున్నారు, ఏం తింటున్నారు, ఎవరి వాకిట చేతులు కట్టుకుని నిలబడుతున్నారు అన్న ప్రశ్నలు ఆ పుస్తకాల్లో ఎక్కడో అడుగున పడివుంటాయి. మతమార్పిడిని దుయ్యబట్టేవారు చెప్పే చరిత్ర కూడా దీనికి తలకిందుల రూపమే గాని వేరు కాదు. వారి లెక్కన జనం గుప్పెడు గింజలకు అమ్ముడుపోయారు. ఇరువురికీ జనమంటే మందే, తోలేవాడెవడన్నదొక్కటే తగవు. నేను ఈ వ్యాసంలో ఒకే ఒక సంఘాన్ని, ఒంగోలు బాప్టిస్టు సంఘాన్ని తీసుకుని, కాపరి మారినప్పుడు అది ఎందుకు మారింది, దొర జనాన్ని ఎంత మార్చాడు, జనం దొరను ఎంత మార్చారు అన్నది పరిశీలించదలచాను.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను పుట్టుక దీనమైనది. 1836లో ఈ దేశానికి వచ్చిన శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరి స్థిరపడ్డాడు. 1849లో లైమన్ జూయెట్ వచ్చాడు. పాతికేళ్ళు గడిచినా విశ్వాసులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ మిషనును ఎత్తివేద్దామా అని అమెరికాలోని పెద్దలు 1853లోను, మళ్ళీ 1862లోను తర్జనభర్జన పడ్డారు. పటంలో ఒంటిగా మిగిలిన చుక్క గనుక దానికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు కూడా వచ్చింది. జూయెట్ సామాన్యుడు కాడు. తెలుగు బాగా నేర్చినవాడు, బైబిలు అనువాదాన్ని సవరించే పనిలో పాల్గొన్నవాడు. 1854 జనవరి 1న ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులోని కొండెక్కి ప్రార్థించారనీ, అందుచేతనే అది ప్రార్థన కొండ అయిందనీ ఆ సంఘస్థులు నేటికీ చెప్పుకుంటారు. మరి అంతటి భక్తుడికి, అంతటి భాషావేత్తకు జనం ఎందుకు రాలేదు? మిషనరీ బోధ ఆనాడు బజారులో, పెద్దవీధిలో జరిగేది. పైకులాలవారు మారితే కిందివారు వాళ్ళ వెనకే వస్తారన్నది నాటి మిషనరీలలో బలంగా వున్న ఆశ. వీధి మొగదలలో నిలబడి దొర చెప్పేది వినే హక్కు ఎవరికున్నది? మాదిగపల్లెవాడు ఆ వీధిలో ఆగి వినగలడా? దొర గొంతు ఎంత మంచిదైనా అది వూరి గోడ దాటి పల్లెకు చేరలేదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు వచ్చాడు. మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. పాండిత్యంలో జూయెట్‌కు సాటి కాడు. అమెరికాలో సర్వే పని నేర్చి, గొలుసు పట్టుకుని భూములు కొలిచినవాడు. ఈ పని మున్ముందు ఏ వేదాంతం కంటె ఎక్కువగా అక్కరకొచ్చింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది. అదే నెలలో, ఒంగోలుకు పడమరగా ఒక పల్లె దగ్గర జరిగిన కూటాల్లో 28 మంది బాప్తిస్మం పొందారు. ఎనిమిదింటి పక్కన ఇరవై ఎనిమిది!

సాధారణంగా దీనిని కొత్త కాపరి ప్రతిభగా చెబుతారు. కాని ఆ 28 మందిని కూడగట్టినవాడు క్లౌ కాదు, యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ, తోళ్ళ వ్యాపారి. సరుకుతో దూరదేశాలు తిరిగినవాడు. నాలుగు వూళ్ళ మంచిచెడ్డలు తెలిసినవాడు. క్రైస్తవం చెవిని పడకముందే రాజయోగ గురువులను ఆశ్రయించి, విగ్రహాలకు మొక్కడం మానుకున్నవాడు. చదువు లేకపోయినా ఆయన వెతుకులాట మాత్రం ఏనాడో మొదలైంది. 1866లో తన భార్యతో కలిసి బాప్తిస్మం పొందేనాటికే పేరయ్య తన పల్లెలో గురువువంటివాడు. కనుక కొత్త కాపరి వచ్చి పల్లెను కదిలించాడనడం కంటె, కదులుతున్న పల్లెకు ఒక కాపరి దొరికాడనడం సత్యానికి దగ్గరగా వుంటుంది. పల్లె మాట వినే ఓపిక వుండడం క్లౌ గొప్పతనం. అది చిన్న గుణం కాదు.

ఆ ఓపికకు పరీక్ష వెంటనే వచ్చింది. ఒంగోలులో పైకులాలవారు కొందరు దొరతో స్నేహంగా వుండేవారు. బడికి పిల్లలను పంపారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారు స్పష్టం చేశారు. తానొక గదిలోను, తన భార్య మరొక గదిలోను బైబిలు తెరవగా ఇద్దరికీ ఒకే అధ్యాయం కనబడిందని క్లౌ తరువాత చెప్పుకున్నాడు. లోకంలో ఘనులు, జ్ఞానులు కాక తృణీకరింపబడినవారే పిలవబడ్డారని పౌలు కొరింథీయులకు రాసిన భాగమది. విశ్వాసులు దీనిని దైవనిర్ణయమంటారు. వారి నమ్మకంతో నాకు పేచీ లేదు. కాని ఒక మాట గుర్తుచేయక తప్పదు. ఆ పుట తెరిచే వేళకు తృణీకరింపబడినవారు వాకిట నిలబడి వున్నారు. అదే వచనం జూయెట్ బైబిలులోనూ వున్నది. వాకిట మనుషులుంటేనే వచనానికి పని పడుతుంది. పైకులాల పిల్లలు బడి విడిచి వెళ్ళారు. సంఘం మాదిగపల్లెల సంఘమైంది.

ఇక ఆ పల్లెల్లో ఏం మారింది? ఇది అన్నిటికంటె ముఖ్యమైన భాగం. క్లౌ చేరేవారికి పెట్టిన నియమాలు పెద్ద సిద్ధాంతాలు కావు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి ఇవి మతనియమాలు. గ్రామవ్యవస్థ దృష్టిలో మూడూ మూడు దెబ్బలు. మాదిగ రైతుకు చెప్పులు కుట్టాలి, మోట తొండాలు కుట్టాలి, చచ్చిన పశువును ఈడ్చివేయాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిచినప్పుడు వెట్టికి పోవాలి. అందుకు ప్రతిఫలం కళ్ళంలో నాలుగు గింజలు, చచ్చిన గొడ్డు. చచ్చిన గొడ్డు అంటే కేవలం తిండి కాదు, అది కూలి. దానిని వద్దనడమంటే ఆ కూలి ఒప్పందాన్నే వద్దనడం. ఆదివారం విశ్రాంతి బైబిలులో దేవుని ఆజ్ఞ. పల్లెలో మాత్రం అది వెట్టివాడు ‘ఈ రోజు రాను’ అనడానికి దొరికిన మొదటి సాకు. విగ్రహానికి మొక్కననడం వల్ల జాతరకు డప్పు ఆగింది. వూరమ్మకు డప్పు ఆగితే వూరికే అరిష్టమని పెద్దరైతులు భయపడ్డారు. వారు, కరణాలు, మునసబులు ఊరుకోలేదు. కోమటి సరుకు అమ్మలేదు, చాకలి బట్టలుతకలేదు, కుమ్మరి కుండ ఇవ్వలేదు. దీనిని మతద్వేషమని రాసినవారు సగమే రాశారు. ఎవరు ఏ దేవుడికి మొక్కుతున్నారని కాదు పెద్దరైతు బెంగ. నాట్ల వేళ ఆదివారం మనిషి రావడం లేదని.

ఇంతలో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణదేశం మాడిపోయింది. జనం లక్షల్లో చస్తూంటే ధాన్యం ఓడలెక్కి ఎగుమతి అవుతూనే వున్నది. రిచర్డ్ టెంపుల్ దొర 1877లో కూలివాడి రోజువారీ గింజలను ఒక పౌనుకు కుదించాడు. ఆ రోజుల్లో కరువుపని కింద తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకున్నాడు. గొలుసు పట్టిన చేయి ఇక్కడ అక్కరకొచ్చింది. ఉపదేశులే మేస్త్రీలయ్యారు. మాదిగలకు మాదిగ మేస్త్రీ. తిట్టు లేదు, తన్ను లేదు, చేసిన పనికి చేతిలో డబ్బు. వేలమంది కూలీలు ఆ కాలువ గట్టున తమలాంటివాడే తమకు లెక్క చూసి కూలి ఇవ్వడం మొదటిసారి చూశారు. సాయంత్రాలు ఆ మేస్త్రీలే బోధ చెప్పేవారు. పొగడ్తకు ఇక్కడొక హద్దు పెట్టాలి: ఆ కాలువ సర్కారుది, ఆ మట్టి చవకగా ఎత్తించుకున్నదీ సర్కారే. అయినా కూలివాడు ఆ గట్టున నేర్చినది మరచిపోలేదు.

గింజలకోసం చేరారనేవారికి ఒక సంగతి చెప్పాలి. కరువు సాగినంత కాలం, పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిపోయిన తరువాత, 1878లో, ఇక ఇచ్చేదేమీ లేదు వెళ్ళిపొండని చెప్పినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమికూడారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజులకు 3,536. నీళ్ళలో నిలబడి ఇద్దరిద్దరుగా వంతులేసుకుని బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు. దొర గట్టునున్నాడు. ఆనాటి సంఘానికి నిజమైన కాపరులెవరో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

తరువాతి కథ అంత ఉత్సాహకరం కాదు. సంఘం వేలకు పెరిగేసరికి 1883 ప్రాంతాన ఒంగోలు క్షేత్రాన్ని విడదీసి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్లలలో కొత్త స్టేషన్లు పెట్టారు. కొత్త దొరలు వచ్చారు. వారి వెంట చిట్టాలు, కమిటీలు, అమెరికా పద్ధతి సంఘ నియమావళి వచ్చాయి. అంతకు ముందు పల్లెపెద్దలు కూర్చుని తగవు తీర్చేవారు. బోధకుడు గురువులాగా శిష్యుల ఇళ్ళలో తిని తిరిగేవాడు, మిషను ఇచ్చేది సగం భృతే. క్రమంగా బోధకుడు జీతగాడయ్యాడు. జీతం బంగళానుంచి వస్తే చూపు బంగళావైపే వుంటుంది. దొర మారినప్పుడల్లా పల్లె సంఘంలో పద్ధతి మారడం మొదలైంది. క్లౌ 1910లో మరణించాడు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ సిద్ధపరచిన పుస్తకం 1914లో వెలువడింది. దేశీయమైన పల్లె కట్టుబాటు మీదనే సంఘాన్ని నిలపవలసిందనీ, పాశ్చాత్య పద్ధతులకు తాను చోటిచ్చాననీ అందులో ఆ వృద్ధుడు విచారపడ్డాడు.

ఆయన విచారపడని లోపాలు కూడా వున్నాయి. సంఘం పల్లెకు బడి ఇచ్చింది, అక్షరమిచ్చింది, కొందరికి ఉద్యోగమిచ్చింది, భూమి ఇవ్వలేకపోయింది. మాదిగలు నిండిన సంఘంలోకి మాలలు పెద్దగా రాలేదు. వారు వేరే మిషన్లలో చేరారు. దేవుడొకడైనా పల్లెలు రెండుగానే మిగిలాయి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా, 1941లో ‘గబ్బిలం’ చేత కాశీ విశ్వనాథునికి సందేశం పంపించాడు గాని ఏ మిషను బంగళాకూ పంపించలేదు. దీని అర్థమేమిటో విమర్శకులు ఇంకా తేల్చవలసి వున్నది.

డప్పు సంగతి మిగిలింది. కొత్త కాపరి మాట విని పల్లె దించిన బరువులలో డప్పు ఒకటి. దించడం ఆనాడు న్యాయమే, అది వెట్టి గనుక. కాని చేతిలోని విద్య, కాళ్ళలోని అడుగు, తాతలనాటి దరువు కూడా దానితోనే సంఘం వెలుపల నిలబడ్డాయి. గుడిలో హార్మోనియం మోగింది. 1994 జూలైలో ఇదే ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు దగ్గరి ఈదుముడి గ్రామంలో మాదిగ దండోరా పుట్టింది. రిజర్వేషన్ల వర్గీకరణ కోరుతూ యువకులు డప్పు భుజాన వేసుకుని రోడ్డెక్కారు. పిలిచింది వూరిపెద్ద కాదు, అనుమతించింది పాస్టరు కాదు. ఆ వూరేగింపులలో ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్ళి వచ్చినవారు కూడా వున్నారు.