బజారు కారు పందెపు కారైన కథ

ఉత్సవ సంచిక అనగానే త్యాగరాజస్వామి మీద, కూచిపూడి మీద, బతుకమ్మ మీద వ్యాసాలు రావటం ఆనవాయితీ. రావలసినవే. వాటి నడుమ అమెరికావారి కారు పందేల చరిత్ర ఎందుకని చదువరులు నొసలు ముడిస్తే తప్పు పట్టను. ఒక్క మాట మాత్రం మనవి చేసుకుంటాను. కువైట్‌లో మన తెలుగువారి చరిత్ర ఎవరైనా నిజాయితీగా రాయబూనితే అందులో సగం పుటలు స్టీరింగు పట్టుకున్న చేతులవే అవుతాయి. రాజంపేట, రాయచోటి, కోడూరు, బద్వేలు, గోదావరి జిల్లాల పల్లెలు – ఇక్కడికి వచ్చిన ఎందరి అకామాలో చూచినా వృత్తి అన్నచోట ఉన్నది డ్రైవరు అనే మాటే. ప్రపంచంలోని మోటారు పందేలన్నిటిలో డ్రైవరు వృత్తిలో నుండి పుట్టినది, దొరబాబుల సరదాలో నుండి పుట్టనిది, ఈ స్టాక్ కారు పందెమే. చిరకాలంగా దీనికి అభిమానినైన నేను దీని గురించి రాయటానికి కారణం ఇదే.

స్టాక్ అంటే సరుకు. కొట్లో అమ్మకానికి పెట్టిన సరుకు. వెళ్ళి డబ్బిచ్చి కొని, ఇంటికి తోలుకుపోయే కారుతోనే పందెం ఆడాలన్నది మొదటి నియమం. ఫార్ములా వన్ కారును చూస్తే అది మన కారుకు చుట్టమని ఎవరూ అనుకోరు. స్టాక్ కారు అలా కాదు. వాకిట్లో నిలబెట్టిన కారే అది, అంకె ఒకటి తలుపు మీద రాసి ఉంటుంది, అంతే.

దీని పుట్టుక గౌరవప్రదమైనది కాదని ముందే చెప్పాలి. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం ఉన్నది. నిషేధం పోయిన తరువాత కూడా పన్ను ఎగవేసి నాటుసారా కాచేవాళ్ళు దక్షిణాది కొండల్లో చాలామంది ఉండేవారు. కాచిన సారాను రాత్రిపూట, దీపాలార్పిన కార్లలో, వంపుల దారుల మీద పట్నాలకు చేర్చాలి. వెనుక పోలీసులు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడికి అందే ధరలో వీ-8 ఇంజను తెచ్చింది. సారా రవాణాదారులకు అది దేవుడిచ్చిన వరమైంది. ఇంజనుకు పదును పెట్టేవారు, వెనుక సీటు పీకేసేవారు, సరుకు బరువుకు కారు వెనుక భాగం కుంగి పోలీసులకు అనుమానం రాకుండా గట్టి స్ప్రింగులు బిగించేవారు. ఈ స్ప్రింగుల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఆదివారం పూట వీళ్ళలో ఎవరి కారు మేలన్న వాదం పెరిగి, ఏదో ఒక బీడులో మట్టిబాట గీసి తేల్చుకోవటం మొదలైంది.

ఉత్తర కరోలినాలోని విల్క్స్ కౌంటీవాడు జూనియర్ జాన్సన్ ఈ బడిలోనే చదివాడు. రోడ్డు మీద పోలీసులకు ఎన్నడూ దొరకలేదు. 1956లో తండ్రి సారాబట్టీ దగ్గర కాలినడకన దొరికిపోయి జైలుకెళ్ళాడు. 1960లో డేటోనా 500 మైళ్ళ పందెం గెలిచాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు. సారా మోయటం మంచి పని అని నేననటం లేదు. కాని ఆ చేతివాటం, రాత్రి దారిని ఒంటితో చదవగల ఆ నేర్పు, ఏ పాఠశాలా నేర్పదు.

చెల్లాచెదరుగా ఉన్న ఈ పందేలను ఒక తాటి మీదికి తెచ్చినవాడు బిల్ ఫ్రాన్స్. 1947 డిసెంబరులో డేటోనా బీచిలోని స్ట్రీమ్‌లైన్ హోటలులో తోటి నిర్వాహకులను కూర్చోబెట్టి సంఘం స్థాపించాడు. 1948 ఫిబ్రవరిలో అది నాస్కార్ అనే పేరుతో నమోదైంది. కొట్లో దొరికే కార్లతోనే ఆడే మొదటి పందెం 1949 జూన్ 19న షార్లెట్‌లో, ముక్కాలు మైలు మట్టిబాట మీద జరిగింది. ముందుగా వచ్చినవాడు గ్లెన్ డునవే. పందెం తరువాత కారును విప్పి చూస్తే వెనుక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. అది సారా మోసే కారు! డునవేను తోసేసి, రెండవవాడైన జిమ్ రోపర్‌కు బహుమతి ఇచ్చారు. రోపర్ కాన్సస్ నుండి వచ్చినవాడు. ఈ పందెం సంగతి అతనికి వార్తాపత్రికలో వచ్చే బొమ్మల కథ ద్వారా తెలిసిందట. కారు యజమాని కోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. పాపం డునవే అరువు కారు నడిపాడు గాని, నా అభిప్రాయంలో ఆ తీర్పే ఈ క్రీడను నిలబెట్టింది. మొదటి రోజునే చూసీచూడనట్టు వదిలేసి ఉంటే రెండవ పందెం నాటికి బజారు కారన్న మాటకు అర్థమే మిగిలేది కాదు.

1959లో డేటోనాలో రెండున్నర మైళ్ళ కొత్త బాట కట్టారు. మలుపుల దగ్గర 31 డిగ్రీల వాలు. మొదటి పందెంలో లీ పెటీ, జానీ బోషాంప్ ఇద్దరూ గీతను దాదాపు ఒకేసారి దాటారు. ఫొటోలు, ఫిల్ములు సేకరించి పెటీ గెలిచాడని తేల్చటానికి మూడు రోజులు పట్టింది. ఆయన కొడుకు రిచర్డ్ పెటీ తరువాత 200 పందేలు గెలిచాడు. ఆ సంఖ్యను ఇంతవరకు ఎవరూ అందుకోలేదు.

"ఎడమకు తిప్పటమేగా, గానుగెద్దులాగా!" అని ఫార్ములా వన్ మిత్రులు నన్ను ఎగతాళి చేస్తుంటారు. గానుగెద్దు పక్కన మరో ముప్పై తొమ్మిది ఎద్దులు, గంటకు 190 మైళ్ళ వేగంతో, జానెడు దూరంలో తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించమంటాను. ముందు కారు గాలిని చీలుస్తుంది. దాని వెనుక నక్కిన కారుకు ఎదురుగాలి తగ్గి అదే ఇంజనుతో ఎక్కువ వేగం వస్తుంది. 1960లో జూనియర్ జాన్సన్ తనకంటే బలమైన కార్ల వెనుక అంటిపెట్టుకునిపోయి గెలిచింది ఈ కిటుకుతోనే. షమాల్ గాలి వీచే రోజున పెద్ద లారీ వెనుక వెళ్ళిన మన డ్రైవర్లకు ఇది అనుభవమే. ఆరవ రింగు రోడ్డు మీద ప్రయోగించి చూడకండి సుమా! ఇక టైర్ల అరుగుదల, పెట్రోలు లెక్క, కారు బరువు తగ్గేకొద్దీ మలుపులో మారే పట్టు – ఇవన్నీ చూడటం అలవాటైతే ఆ గుండ్రని బాట మీద ఏ రెండు చుట్లూ ఒకటి కావు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచినవాని దగ్గరకు వస్తాను. పేరు వెండెల్ స్కాట్. వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్ ఊరు. నల్లజాతివాడు. తండ్రి రెండు సంపన్న తెల్ల కుటుంబాలకు డ్రైవరు, మెకానిక్కు. మన భాషలో చెప్పాలంటే హౌస్ డ్రైవరు కొడుకు. తాను టాక్సీ నడిపాడు, రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యం బండ్లు బాగుచేశాడు, తరువాత గ్యారేజీ పెట్టుకున్నాడు, రాత్రులు సారా కూడా మోశాడు. 1952లో డాన్‌విల్ పందెం నిర్వాహకులు జనాన్ని రప్పించటానికి ఒక నల్లజాతి డ్రైవరును పోటీలో దించుదామనుకుని, వేగంగా నడిపేవాడు ఎవడున్నాడని పోలీసులనే అడిగారు. పోలీసులు స్కాట్ పేరు చెప్పారు.

ఆయన పాత కార్లు కొని, తానే విప్పి, తానే బిగించి, కొడుకులను సహాయకులుగా పెట్టుకుని పందేలకు వెళ్ళేవాడు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, అర మైలు మట్టిబాట మీద, రెండవవానికంటే రెండు చుట్లు ముందుగా ముగించాడు. అయినా గెలుపు జెండా అతనికి చూపలేదు. బక్ బేకర్ గెలిచాడని ప్రకటించి, కప్పు అతని చేతికిచ్చారు. జనం ఇళ్ళకు వెళ్ళిపోయిన కొన్ని గంటల తరువాత, లెక్క తప్పింది, గెలిచింది స్కాటే అని ఒప్పుకున్నారు. లెక్క తప్పటం ఎందుకు జరిగిందో చదువరులు ఊహించుకోగలరు. స్కాట్ అగ్రశ్రేణిలో మొత్తం 495 పందేలలో దిగాడు. 1990 డిసెంబరులో ఆ కప్పు చూడకుండానే కన్నుమూశాడు. 2015లో నాస్కార్ కీర్తిమందిరంలో చోటు దక్కింది. కప్పు ఆయన కుటుంబానికి అందింది 2021 ఆగస్టులో, అనగా దాదాపు 58 ఏళ్ళకు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు దీవానియాల బయట అర్ధరాత్రి దాకా కారులో కూర్చుని ఎదురుచూసే మనవాళ్ళు గుర్తుకొస్తారు. కువైట్‌కు మొట్టమొదటి కారు 1912లో షేక్ ముబారక్‌కు కానుకగా వచ్చిన బెల్జియం మినర్వా. 1946లో చమురు ఎగుమతి మొదలయ్యాక కార్లు వెల్లువెత్తాయి, 1950లలో రింగు రోడ్లు గీశారు, షెవర్లే కాప్రిస్ ఈ దేశానికి ఇంటి బండి అయిపోయింది. చరిత్ర పుస్తకాలు బండి కొన్నవాని పేరు రాస్తాయి, నడిపినవాని పేరు రాయవు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడ్డప్పుడు బాగ్దాద్ మీదుగా అమ్మాన్ దాకా ఎడారి దారిన భారతీయులను చేర్చినవి కూడా బస్సుల స్టీరింగులు పట్టిన చేతులే. అక్కడి నుండి ఎయిరిండియా 488 విమానాలతో లక్షా డెబ్బైవేల మందికి పైగా ఇంటికి చేరారు. విమానాల సంఖ్య అందరికీ తెలుసు. బస్సులెన్నో చెప్పేవారు లేరు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లో కొందరు బళ్ళో "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే నసుగుతారని విన్నాను. వాళ్ళకు స్కాట్ కథ చెప్పండి.

ఇంత పొగిడాను గనుక తెగడ్త కూడా రాయాలి. మన రాయలసీమలో, గుంటూరు, ప్రకాశం సీమల్లో ఎడ్ల బండలాగుడు పందేలు చూచినవారికి నా బాధ ఇట్టే అర్థమవుతుంది. ఒకప్పుడు పొలం దున్నిన ఎద్దే తిరునాళ్ళలో బండ లాగేది. ఇప్పుడు పందెపు ఒంగోలు గిత్త కాడి మెడకెత్తుకునేది పందేనికే. దుక్కి సంగతి దానికి తెలియదు. స్టాక్ కారుకూ అదే గతి పట్టింది. 2007లో టయోటా కామ్రీ ఈ పందేలలోకి వచ్చింది. మనవాళ్ళు రోజూ జమయ్యకు, బడికి తోలే కామ్రీయే కదా అని సంబరపడ్డాను. పందెపు కామ్రీకి పెద్ద వీ-8 ఇంజను, వెనుక చక్రాలకు శక్తి. మన కామ్రీకి చిన్న ఇంజను, ముందు చక్రాలకు శక్తి. పందెపు కారుకు ముందు దీపాలు కూడా ఉండవు, ఆ ఆకారంలో స్టిక్కర్లు అంటిస్తారు! అదే ఏడాది తెచ్చిన కొత్త నమూనాతో అన్ని కంపెనీల కార్లూ ఒకే అచ్చులో పోసినట్లయ్యాయి. 2022 నమూనాలో విడిభాగాలు చాలావరకు అందరూ ఒకే అంగడి నుండి కొనవలసిందే. షెవర్లే కమారో తయారీ 2023 డిసెంబరులో ఆగిపోయింది. ఆ పేరుతో పందెపు కారు మాత్రం ఆ తరువాత కూడా పరుగెత్తింది. తయారీయే లేని కారును బజారు కారు అనటం నా బుద్ధికి అందదు.

అయితే మార్పులన్నీ చెడ్డవి కావు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా పందెం చివరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ గోడకు కొట్టుకుని మరణించాడు. ఏడుసార్లు ఛాంపియను. ఆ తరువాతనే తల విసురుకు మెడ విరగకుండా పట్టి ఉంచే కట్టును డ్రైవర్లందరికీ తప్పనిసరి చేశారు. అదివరలో కొందరు మొనగాళ్ళు అవి అక్కరలేదనేవారు. సీటు బెల్టు పెట్టుకోని బంధువులకు నేను ఎర్న్‌హార్ట్ పేరే చెబుతుంటాను.

మనవారి సంగతికి వస్తే ముందు కోయంబత్తూరు వెళ్ళాలి. అక్కడి తెలుగు నాయుళ్ళలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, హోటలులో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొన్నాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపాడు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీసు అయింది. డ్రైవరుగా మొదలైనవాని ఊరు మన దేశపు కారు పందేలకు పుట్టిల్లయింది. మద్రాసు నుండి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం దగ్గర యుద్ధకాలపు విమానాల పట్టీ మీద మన ఫియట్లు, అంబాసిడర్లు పందెం ఆడేవి. నిజమైన స్టాక్ కారు పందెం అదే అంటాను నేను. లక్ష్మీ మిల్లు కుటుంబానికి చెందిన కరివర్ధన్ 1980 దశకం చివర మారుతి 800 ఇంజనుతో పందెపు కారు తయారుచేసి, మధ్యతరగతి కుర్రవాడికి కూడా అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

అదే ఊరి నుండి, ర్యాలీ ఛాంపియన్ జి.ఆర్. కార్తికేయన్ కొడుకు నారాయణ్ 2005లో ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. 2010 మార్చిలో నాస్కార్ ట్రక్కుల పందెంలో దిగాడు. భారతీయుడు అందులో దిగటం అదే మొదలు. ఆ గుండ్రని బాట మీద అనుభవం లేకుండానే 13వ స్థానంలో ముగించాడు. ఆ ఏడాది ఆ శ్రేణిలో అభిమానుల ఓట్లతో జనప్రియ డ్రైవరు బహుమతి కూడా అతనికే వచ్చింది. పందెం జరిగిన మార్టిన్స్‌విల్, వెండెల్ స్కాట్ సొంత ఊరు డాన్‌విల్‌కు సుమారు ముప్పై మైళ్ళ దూరం.

నారాయణ్ కలవారి బిడ్డ. మోటారు పందెం ఖరీదైన వ్యవహారం గనుక అది సహజమే. హౌస్ డ్రైవరు కొడుకు ఒకడు ఆ బాట మీద దిగిన రోజు మనకింకా రాలేదు. బాటల కొరత మాత్రం లేదిప్పుడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల ప్రపంచ పోటీ జరిగింది, ఫ్రాన్సువాడు వెర్న్ గెలిచాడు. మరుసటి ఏటి పోటీ రద్దయింది. ఇక్కడ కువైట్ దక్షిణాన ఉమ్ అల్ హైమాన్ దగ్గర జర్మనీ శిల్పి టిల్కే గీసిన మోటార్ టౌన్ ఉన్నది. పిల్లలకు వేగం మీద మోజు ఉంటే ఎడారి రోడ్ల మీద కాక అక్కడికి తీసుకువెళ్ళండి.

చూడాలనుకునేవారికి ఒక కబురు. డేటోనా పందెం ఏటా ఫిబ్రవరిలో, ఆదివారం మధ్యాహ్నం. అక్కడ రెండున్నర అయితే మనకు రాత్రి పదిన్నర. మూడున్నర, నాలుగు గంటలు సాగుతుంది. సోమవారం పొద్దున్నే డ్యూటీ ఉన్నవారు ముందు కాస్త కునుకు తీసి, చివరి ఇరవై చుట్లకు లేచినా చాలు.