పాత మోటారు సైకిళ్ల చిన్న భాగాలకు కొత్త పూత: శుభ్రత నుంచి భద్రత వరకు

గద్వాల, పోచంపల్లి, ధర్మవరం వంటి చేనేత కేంద్రాలకు జరీ అనగానే గుర్తొచ్చే ఊరు గుజరాత్‌లోని సూరత్. అక్కడ తయారయ్యే ఇమిటేషన్ జరీలో సన్నని రాగి తీగపై విద్యుత్తు సాయంతో వెండి పూత పూస్తారు. ఒక లోహంపై మరో లోహాన్ని పలుచని పొరగా నిలిపే ఈ విద్యయే ఎలక్ట్రోప్లేటింగ్. పాత మోటారు సైకిల్ బోల్టులు, నట్లు, వాషర్లు, లీవర్లు, బ్రాకెట్లకు మళ్లీ మెరుపు తెచ్చేదీ ఇదే.

సూరత్‌కు తూర్పున 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బార్డోలీని చరిత్ర 1928 నాటి రైతు సత్యాగ్రహంతో గుర్తుంచుకుంది. నేడు ఆ ప్రాంతం చెరకు సాగుకు, సహకార చక్కెర మిల్లుకు ప్రసిద్ధి. ఆ మిల్లుల్లో చివరకు మిగిలే మొలాసిస్ అనే చిక్కటి మడ్డికీ, తుప్పు పట్టిన బోల్టుకూ ఉపయోగకరమైన సంబంధం ఉంది. ఆ వివరాలతో పాటు, పూతకు ముందు చేయాల్సిన సిద్ధత, పూత వేయకూడని భాగాలు, తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఇవి.

ఏ భాగానికి ఏ పూత?

1920ల చివరి వరకు మోటారు సైకిళ్ల మెరిసే భాగాలకు నికెల్ పూతే ఉండేది. తర్వాత దానిపై క్రోమియం పొర చేరింది. రెండో ప్రపంచ యుద్ధానంతర బ్రిటిష్ బండ్ల బోల్టులు, నట్లకు మసక వెండి రంగు కాడ్మియం పూత సాధారణంగా కనిపించేది. కాడ్మియం విషపూరితం, క్యాన్సర్ కారకం. అందువల్ల పునరుద్ధరణలో ఇప్పుడు దాని స్థానంలో జింక్ వాడుతున్నారు. అతి మెరుపునిచ్చే రసాయనాలు కలపని జింక్ పూత పాత కాడ్మియం ఛాయకు దగ్గరగా ఉంటుంది.

ఈ పూతలు తుప్పును అడ్డుకునే తీరు ఒకటి కాదు. జింక్ ఇనుము కంటే చురుకైన లోహం. పూతపై గీత పడినా ముందుగా జింక్ తానే కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెల్, క్రోమియం అలా కాదు. వాటికి సూది మొనంత రంధ్రం పడినా తేమ లోపలికి చేరి, కింది ఇనుము మరింత వేగంగా తినుకుపోతుంది. అందుకే కనిపించే లీవర్లకు క్రోమియం, తడిలో ఉండే బోల్టులకు జింక్ తగినవి.

యథాతథ రూపానికి చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు లేని వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. కొత్త నమోదుకు రుసుము రూ.20,000. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా తొలినాటి బుల్లెట్లు, 1960ల తొలినాళ్లలో మైసూరులో తయారైన జావాలు ఈ వయోపరిమితిని ఎప్పుడో దాటాయి.

విప్పేటప్పుడే మొదలయ్యే పని

ప్లేటింగ్ కేంద్రాల్లో చిన్న భాగాలను తిరిగే డ్రమ్ములో వేసి ఒకేసారి పూత పూస్తారు. ఇతరుల సామగ్రితో కలిసిపోయిన పాత వాషరు మళ్లీ దొరకడం కష్టం. కాబట్టి ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, లెక్క రాసి, ఒకే రకం వాటిని రాగి తీగకు గుచ్చి ఇవ్వాలి.

మరలు ఉన్న భాగాలకు మరో లెక్క చూడాలి. మర ఏటవాలు ముఖాలపై రెండు వైపులా పూత చేరుతుంది. అందువల్ల 60 డిగ్రీల మరపై 10 మైక్రాన్ల పూత వేస్తే, మర మధ్య భాగం వ్యాసం దాదాపు 40 మైక్రాన్లు పెరుగుతుంది. ముందే బిగుతుగా ఉన్న నట్టు ఆ తర్వాత ఎక్కదు. బేరింగు కూర్చునే చోట్లను, కొలత తప్పకూడని రంధ్రాలను మైనంతోనో రబ్బరు బిరడాలతోనో మూసి పంపాలి.

తుప్పు వదిలించడం

మొదట కిరోసిన్‌తో గ్రీజును కడగాలి. ఉక్కు భాగాలను తర్వాత వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచవచ్చు. అయితే అల్యూమినియం, జింక్ మిశ్రలోహపు భాగాలను అందులో వేస్తే కరిగిపోతాయి. పాత కార్బురేటర్లలో చాలావరకు ఈ కోవకే చెందుతాయి.

తుప్పుకు మొలాసిస్ ఉపయోగపడేది ఇక్కడే. ఒక వంతు మొలాసిస్‌ను తొమ్మిది లేదా పది వంతుల నీటిలో కలిపి ఉక్కు భాగాలను అందులో ఉంచితే, వారం నుంచి రెండు వారాల్లో తుప్పు కరిగిపోతుంది. కింది ఉక్కుకు పెద్దగా హాని ఉండదు. మొలాసిస్‌లోని పదార్థాలు తుప్పులోని ఇనుమును బంధించి ద్రావణంలోకి తీసుకుపోవడమే దీనికి కారణం. పులిసిన వాసన తప్పదు కనుక తొట్టిని ఆరుబయట ఉంచాలి. అల్యూమినియం, జింక్ భాగాలను ఇందులోనూ వేయరాదు. బార్డోలీలోనే కాదు, చెరకు పండే ఏ ప్రాంతంలోనైనా ఇది అందుబాటులో ఉండే పదార్థమే. అయితే పలు రాష్ట్రాల్లో దీని అమ్మకంపై ఎక్సైజ్ నియంత్రణ ఉంది. అనుమతి ఉన్న వ్యాపారి వద్దే కొనాలి.

విద్యుత్తుతో తుప్పు తీసేవారు నీటిలో చాకలి సోడా కలిపి, రెండో కొనకు మామూలు ఇనుప ముక్కను తగిలించాలి. ఉప్పు కలిపితే క్లోరిన్ వాయువు వెలువడవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్ వాడితే క్యాన్సర్ కారకమైన హెక్సావాలెంట్ క్రోమియం నీటిలో చేరుతుంది.

నునుపు, శుభ్రత

పూత గుంటలను పూడ్చదు, గీతలను దాచదు. అలంకార క్రోమియం పొర మందం మైక్రానులో సగానికి మించదు. దాని కింది నికెల్ పొర కూడా సాధారణంగా 10 నుంచి 30 మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కనుక మెరుపు రావాల్సింది కింది లోహానికే. 120 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 240, 400, 600 వరకు క్రమంగా రుద్దాలి. ఒక్కో దశలో అంతకుముందు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరుకు వెళ్లాలి. చివరగా గుడ్డ చక్రంపై బఫింగ్ చేయాలి. పాత కాడ్మియం పూత ఉన్న భాగాన్ని మాత్రం పొడిగా రుద్దరాదు, మంటతో వేడి చేయరాదు. ఆ ధూళి, పొగ ప్రాణాంతకం.

శుభ్రత చాలిందో లేదో తేల్చే తేలికైన పరీక్ష ఒకటుంది. భాగాన్ని నీటిలో ముంచి తీస్తే నీరు తెగకుండా పొరలా అర నిమిషం నిలవాలి. చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్లే. ఆపై వేలిముద్ర పడినా ఆ చోట పూత పట్టదు.

పూత వేయకూడని భాగాలు

ఆమ్లంలో కడిగేటప్పుడు, పూత వేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. మెత్తని ఉక్కుకు దీనివల్ల ప్రమాదం తక్కువ. గట్టిపరచిన ఉక్కు మాత్రం పెళుసుబారి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో ముందస్తు సూచన లేకుండా విరిగిపోతుంది. తన్యత బలం 1,000 మెగాపాస్కల్‌లు, ఆపైన ఉన్న ఉక్కుకు ఈ ముప్పు ఉంటుంది. తలపై 10.9, 12.9 అంకెలున్న బోల్టులు ఈ కోవలోవే. పాత బ్రిటిష్ తరహా బోల్టులపై ఈ అంకెలు ఉండవు.

దీనికి విరుగుడు వేడి. పూత వేసిన నాలుగు గంటల్లోపు భాగాన్ని 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో పెట్టి, కనీసం 8 గంటలు ఉంచాలి. ఉక్కు బలం పెరిగేకొద్దీ ఈ వ్యవధి 20 గంటలు దాటుతుంది. జింక్‌పై వేసే పసుపు లేదా నీలి ఛాయ రక్షణ పొర అంత వేడిని తట్టుకోదు కనుక, దాన్ని ఓవెన్ తర్వాతే వేయాలి. స్ప్రింగులు, ఇరుసులు, బ్రేకు, స్టీరింగు బోల్టుల ఉక్కు రకం తెలియనప్పుడు వాటికి పూత వేయించకుండా కొత్తవి కొనడమే శ్రేయస్కరం.

తొట్టిలో జరిగేది

జింక్ ద్రావణంలో భాగాన్ని రుణ ధ్రువానికి, జింక్ పలకను ధన ధ్రువానికి కలుపుతారు. చదరపు డెసిమీటరుకు 2 ఆంపియర్ల విద్యుత్తు పంపితే సుమారు పావుగంటలో 8 మైక్రాన్ల పొర ఏర్పడుతుంది. తొందరపడి విద్యుత్తు పెంచితే అంచులు మాడినట్లు గరుకుబారతాయి. లోతైన గుంటల్లోకి విద్యుత్తు తక్కువగా చేరడం వల్ల అక్కడ పొర పలుచగానే ఉంటుంది.

ఇంటి పని కాదు

శుభ్రం చేయడం, రుద్దడం ఇంట్లో చేసుకోవచ్చు. క్రోమియం పూత, సయనైడ్ ద్రావణాల పని మాత్రం అనుమతి ఉన్న కేంద్రాలదే. సయనైడ్‌కు ఆమ్లం తగిలితే ప్రాణాంతక వాయువు పుడుతుంది. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం నదులు, చెరువుల్లోకి వదిలే శుద్ధి చేసిన నీటిలో హెక్సావాలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము, సయనైడ్ 0.2 మిల్లీగ్రాము మించరాదు. ఒక్క బకెట్ వాడిన ద్రావణాన్ని కాలువలో పోసినా ఆ పరిమితి ఎన్నో రెట్లు దాటుతుంది.

భాగాలు అప్పగించే ముందు ప్లేటింగ్ కేంద్రాన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందా? పూత మందం ఎంత? గట్టి ఉక్కు భాగాలను పూత తర్వాత ఓవెన్‌లో పెడతారా? రక్షణ పొరకు హెక్సావాలెంట్ బదులు ట్రైవాలెంట్ క్రోమియం వాడతారా? పని పూర్తయి భాగాలు చేతికందాక వాటిని లెక్క చూసుకుని, పూర్తిగా ఆరబెట్టి, పలుచగా నూనె రాసి తేమ తగలని చోట భద్రపరచాలి.