ఒక్క రోజులో ఓరుగల్లు: వినుకొండ వల్లభరాయుడు చూపిన కాకతీయ నగరం

తెలుగులో ఒక నగరమే కథానాయకుడిగా నిలిచిన కావ్యం ‘క్రీడాభిరామం’. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వైశ్యుడు ప్రాణమిత్రులు. ఇద్దరూ పొద్దున బయల్దేరి, పొద్దుగూకేదాకా ఓరుగల్లు వీధుల్లో కాలినడకన తిరుగుతారు. గుళ్లు చూస్తారు, పందేలు చూస్తారు, పాటలు వింటారు, పూటకూటింట భోంచేస్తారు, చూసిన ప్రతిదాని మీదా మాట్లాడుకుంటారు. కథ అంతే. యుద్ధాలు, దిగ్విజయాలు ఏవీ లేని ఈ చిన్న కావ్యం కాకతీయుల రాజధానిలో మామూలు జనం ఎలా బతికారో చెప్పే అరుదైన ఆధారంగా నిలిచింది. దీన్ని రాసిన కవి వినుకొండ వల్లభరాయుడు.

కవి, అతని మూలం

కవి ఇంటిపేరులోని వినుకొండ నేటి పల్నాడు జిల్లాలోని పట్టణమే. 2022 ఏప్రిల్ దాకా అది గుంటూరు జిల్లాలో ఉండేది. చుట్టూ పత్తి, మిరప చేలు, ఊరిని ఆనుకుని కొండ, కొండమీద రామలింగేశ్వరుడు. సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ గనుక వినుకొండ అయిందని స్థలపురాణం. 1515 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గాల్లో ఇది కూడా ఉంది. మహాకవి గుర్రం జాషువా 1895లో పుట్టింది ఇక్కడే.

వల్లభరాయుడి తండ్రి విజయనగర ప్రభువు హరిహరరాయల కొలువులో పనిచేసినవాడు. కవి మాత్రం కడప సీమలోని మోపూరు భైరవుడి భక్తుడు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ‘ప్రేమాభిరామం’ తన కావ్యానికి మూలమని ఆయనే చెప్పుకున్నాడు. ఆ సంస్కృత గ్రంథం ఇప్పుడు దొరకడం లేదు. తెలుగు కావ్యం దశరూపకాల్లో ఒకటైన ‘వీథి’ పద్ధతిలో నడుస్తుంది. ఒకటి రెండు పాత్రలే రంగం మీద ఉండి, కంటికి కనిపిస్తున్నదంతా తమ మాటల్లోనే ప్రేక్షకుడికి చూపించే రూపకం అది. నగర సంచారానికి ఇంతకంటే తగిన ప్రక్రియ లేదు.

కావ్యం పదిహేనో శతాబ్ది తొలినాళ్లదని పండితులు చెబుతారు. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు లొంగిపోయింది. అంటే తెలుగు కావ్యం పుట్టేనాటికి కాకతీయ రాజ్యం పోయి సుమారు వందేళ్లు. అయినా అందులో కనిపించే నగరం కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడి కాలం నాటిదే. కొన్ని వివరాలు మూలకవి కాలానివి, కొన్ని వల్లభరాయుడి కాలానివి అయి ఉండవచ్చు. ఈ కావ్యాన్ని చరిత్రకు ఆధారంగా తీసుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కోటలోకి దారి

ఓరుగల్లుకు ఏకశిలానగరమని మరో పేరు. ఊరి నడుమ ఉన్న ఒంటిరాతి గుట్టే ఆ పేరుకు కారణం. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తిచేసింది. ఆ రాతిగోడ ఇంచుమించు వృత్తాకారంలో ఉంటుంది. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు దూరం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని వెలుపల లోతైన కందకం, ఆపైన సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. ఆ మట్టిగోడ ఎంత గట్టిదో 1309-10లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ చేసిన ముట్టడి గురించి రాస్తూ ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ప్రత్యేకంగా చెప్పాడు. నాలుగు దిక్కులా ఉన్న ద్వారాలు తిన్నగా లోపలికి తెరుచుకోవు. దారి వంకర తిరిగి లోపలికి పోతుంది. శత్రువు ఒక్క ఊపున చొచ్చుకు రాకుండా చేసిన ఏర్పాటది. సరిగ్గా నడుమ స్వయంభూ శివాలయం, దాని నాలుగు వైపులా రాతి తోరణాలు. గుడి కూలిపోయినా ఆ తోరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

కావ్యంలోని మిత్రులు కూడా ఈ క్రమంలోనే బయటి నుంచి లోపలికి వస్తారు. కోట వెలుపలి వాడలు దాటి, పాతాళానికి దారా అన్నంత లోతైన కందకాన్ని చూసి, ద్వారం దాటి రాచవీధిలో పడతారు. అక్కడ ఏనుగులు, గుర్రాలు, జనం తోపులాట. సైనికులు ఉండే మోహరివాడ, భోగంవీధి, అంగళ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కర్ణాట దేశం నుంచి వచ్చిన స్త్రీలు కూడా వీధుల్లో కనిపిస్తారు.

గ్రామదేవతలు, వీరభటులు

రాజధాని అంటే రాజులు కట్టించిన శివాలయాలే గుర్తుకొస్తాయి. మిత్రులు మాత్రం జనం మొక్కే దేవతల దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. కాకతమ్మ, ఏకవీర, ముసలమ్మ, భైరవుడు, మైలారుదేవుడు వరసగా కనిపిస్తారు. ఏకవీర గుడి ముందు బవనీల గాయకుడు పరశురాముడి కథ పాడుతుంటాడు. మరోచోట జక్కుల ఇల్లాలు కామవల్లి కథ పాడుకుంటూ వస్తుంది.

మైలారుదేవుడి ముందు వీరభటుల సాహసాలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కొందరు కణకణలాడే నిప్పుల గుండాల్లోకి దిగుతారు. కొందరు వాడి అలుగులు పాతిన గోతి మీద ఉట్టి కట్టుకుని, ఆ ఉట్టి తాళ్లు తామే కోసుకుని కిందికి దూకుతారు. మొక్కు కోసం ప్రాణాన్ని లెక్కచేయని ఈ వీరభక్తి కాకతీయుల కాలం నాటి సైనిక సమాజంలో ఎంతగా పాతుకుపోయిందో ఈ ఒక్క సన్నివేశం చెబుతుంది.

పల్నాటి పాట

పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధం కథ అప్పటికే ఓరుగల్లు వీధుల దాకా పాకింది. నగరంలో పల్నాటి వీరుల కొలువు ఉంది. అక్కడ ఒక స్త్రీ వాద్యం మీద వేగంగా తాళం మోగిస్తూ, ద్విపదలో ఆ వీరుల కథ పాడుతుంది. ఆమె పలికే ప్రతి అక్షరానికీ కుర్రవాళ్లు కేకలు పెడుతూ ఊగిపోతారు. వల్లభరాయుడు వాద్యం మోతను పద్యంలోనే వినిపించాడు.

ఈ ఒక్క పద్యంలో ఎన్నో సంగతులు తెలుస్తాయి. వీరగాథ అప్పటికే ద్విపద ఛందస్సులో పాటగా స్థిరపడింది. దాన్ని స్త్రీలు పాడేవారు. పల్నాడుకు ఎంతో దూరంలోని రాజధానిలో కూడా ఆ కథ యువకులను పట్టి కుదిపేది. పల్నాటి వీరచరిత్రను శ్రీనాథుడు ద్విపదలోనే రాశాడన్నది తెలిసిందే. ఆ ద్విపద వెనుక ఎంతటి నోటిపాట సంప్రదాయం ఉందో క్రీడాభిరామం చూపిస్తుంది. నేటికీ కార్తిక మాసంలో కారెంపూడిలో వీరాచారవంతులు ఆ వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. వినుకొండ, కారెంపూడి ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. వినుకొండ ఇంటిపేరున్న కవి ఓరుగల్లు వీధిలో వినిపించింది ఈ నేల పాటే.

గడియారం, పూటకూళ్లు

నగరంలో పొద్దు ఎంతయిందో గడియారం మోత చెప్పేది. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునగడానికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు పడుతుంది. మునిగినప్పుడల్లా మోగిస్తారు. రాత్రీ పగలూ కలిపి అలాంటి గడియలు 60.

మధ్యాహ్నం భోజనానికి మిత్రులు లక్ష్మణవజ్ఝల ఇంటి సంగతి ఎత్తుతారు. డబ్బు తీసుకుని అన్నం పెట్టే పూటకూటిల్లు అది. పూటకు ఒక రూక. ఆ రూకకు వడ్డించేవి: కప్పురభోగి అనే మేలురకం బియ్యపు అన్నం, కమ్మని గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. ధర, దుకాణం, వడ్డన అన్నీ కలిపి ఇంత స్పష్టంగా చెప్పిన పద్యం పాత తెలుగు సాహిత్యంలో మరొకటి వెతికి తేవడం కష్టం. ఊరుగాని ఊరు వచ్చినవాడు బంధువుల ఇల్లు వెతుక్కోకుండా డబ్బిచ్చి కడుపునిండా తినగలిగే నగర జీవితం అప్పటికే తెలుగునాట ఉందని దీనివల్ల రుజువవుతోంది. మిరపకాయ భారతదేశానికి పోర్చుగీసు వారితో పదహారో శతాబ్దంలో వచ్చింది కాబట్టి, నేడు గుంటూరు సీమ అనగానే గుర్తొచ్చే ఎర్రటి కారం మాత్రం ఆ విస్తట్లో లేదు.

పందేలు, చిత్రశాల

కోడిపందేలు, పొట్టేళ్ల పందేలు, పాములాటలు కూడా దారిలో ఎదురవుతాయి. పందెంలో నేలకొరిగిన కోడిపుంజును మిత్రులు యుద్ధంలో పడిన వీరుడిని పొగిడినట్టే పొగుడుతారు. ప్రతాపరుద్రుడి ఆస్థాన వేశ్య మాచల్దేవి ఇంట చిత్రశాల ఉంది. గోడల మీద పురాణాల్లోని శృంగార ఘట్టాలు, దారుకావనంలో శివుడు, గోపికలతో కృష్ణుడు వంటివి రంగుల్లో తీర్చి ఉంటాయి. రాజభవనాల్లోనే కాక సొంత ఇళ్లలో కూడా చిత్రకళకు పోషణ ఉండేదని చెప్పే విలువైన వివరమిది. సాయంత్రం దాకా సాగిన నడక చీకటితో, చంద్రోదయంతో పూర్తవుతుంది.

ఇతర ఆధారాల పక్కన

కాకతీయ రాజ్యం గురించి విదేశీయుల్లో వెనిస్ వర్తకుడు మార్కోపోలో కూడా రాశాడు. ఆయన ‘ముత్ఫిలి’ అన్నది నేటి బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి. న్యాయంగా పాలించిన రాణిని, వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టలను మెచ్చుకున్నాడు. గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం ఓడ వర్తకులకు ఇచ్చిన రక్షణ, వసూలు చేసిన సుంకాల వివరాలు చెబుతుంది. దానాలు, పన్నులు, సరుకులు, రాజుల బిరుదులు ఇలాంటి ఆధారాల్లో దొరుకుతాయి. వీధిలో ఏ పాట వినిపించింది, పూటకూటింట ఏం వడ్డించారు, జనం ఏ దేవతకు ఎలా మొక్కారు అన్నది క్రీడాభిరామమే చెప్పాలి.

మరుగున పడిన ఈ కావ్యాన్ని ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో మానవల్లి రామకృష్ణకవి అచ్చులోకి తెచ్చారు. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి దీన్ని పరిష్కరించి, ఇది శ్రీనాథుడి రచన అని వాదించారు. కర్తృత్వం మీద చర్చ చాలాకాలం సాగినా, గ్రంథంలో ఉన్నట్టు వల్లభరాయుడిదిగానే ఎక్కువమంది స్వీకరించారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి కాకతీయ యుగపు ఆచారాలకు, వినోదాలకు దీన్ని ముఖ్య ఆధారంగా వాడుకున్నారు. ఆ గ్రంథానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. రాజుల వరసకు బదులు ప్రజల బతుకును చరిత్రగా రాయాలన్న ఆయన పట్టుదలకు, ఐదు వందల ఏళ్ల కిందట ఒక తెలుగు కవి నడిచి చూపించిన ఈ ఒక్కరోజు గట్టి ఆసరా ఇచ్చింది.