రూపాయి బిళ్ళ నుంచి డైమండ్ల దాకా

పోయిన వారం డ్యూటీ దిగి రూముకొచ్చి బూట్లు ఇప్పుతుంటే ఇంటి నుంచి ఫోన్. "నీ కొడుకుతోని నువ్వే మాట్లాడు, నాతోని అయితలేదు" అని మా ఆమె ఫోన్ వాని చేతిల పెట్టింది. సంగతేందంటే మా పిలగాడు, ఎనిమిదో తరగతి, ఫోన్‌లో ఒక గేముకు 'డైమండ్లు' కొన్నాడు. ఒక్కసారి కాదు, నెలలో పదకొండు సార్లు. మొత్తం 4,200 రూపాయలు. గేమ్ పేరు ఎందుకులే, మీ ఇంట్లో పిల్లలను అడిగితే చెప్తారు. ఓవర్‌టైం లేని నెలలో నాకు అది నాలుగు రోజుల కూలి.

తిడదామని నోరు తెరిచిన. వాడు మెల్లగా అన్నాడు, "బాపూ, నువ్వు చిన్నప్పుడు ఆడలేదా?"

ఆడిన. మా బాపు అంగీ జేబులకెళ్ళి రూపాయి బిళ్ళలు తీసి మరీ ఆడిన. మరి నా రూపాయికీ వాని 4,200కీ తేడా ఏంది? ఆ రాత్రి నిద్ర పట్టలే. అప్పటి నుంచి వారం రోజులు బస్సులో, బంకు బెడ్డు మీద ఈ గేముల చరిత్ర చదువుతనే ఉన్న. చదివింది, ఆడింది కలిపి రాస్తున్న. పోస్టు పెద్దది, సెలవు రోజు తీరిగ్గా చదవండి.

1972లో అమెరికాలో అటారీ కంపెనీ 'పాంగ్' అనే ఆట తెచ్చింది. రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క, అంతే. ఇంజినీరు పేరు అల్ అల్కార్న్. మొదటి పెట్టెను కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊర్లో ఒక బార్‌లో పెట్టారు. కొన్ని రోజులకే మెషిన్ పనిచేస్తలేదని ఫోన్. అల్కార్న్ పోయి తెరిచి చూస్తే, బిళ్ళలు పడే డబ్బా నిండిపోయి ఇంక పట్టక ఆగిపోయిందట. ఏసీలు రిపేరు చేసే నాకు ఇరవై ఏండ్లలో అట్లాంటి కంప్లైంట్ ఒక్కటి కూడా రాలే!

ఆ డబ్బాను గుర్తు పెట్టుకోండి. ఒక ఆట ఎట్లా తయారైతదో తెలియాలంటే అది పైసలు ఎట్లా అడుగుతుందో చూడాలి. బిళ్ళ వేసి ఆడే ఆటకు, ఆడేటోడు తొందరగా చావాలి. చస్తేనే ఇంకో బిళ్ళ పడుతుంది. కానీ మరీ తొందరగా చస్తే కోపమొచ్చి పోతాడు. "ఈసారి కొద్దిలో తప్పింది" అనిపించాలి. ఆ కొలత పట్టుకోవడంలోనే వాళ్ళ తెలివి అంతా ఉంది.

1978లో జపాన్‌లో తైతో కంపెనీకి తొమోహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆ కొలతను అనుకోకుండా పట్టుకుంది. శత్రువులు చచ్చే కొద్దీ మిగిలినవాళ్ళు వేగంగా వస్తారు. అది ముందు వేసుకున్న ప్లాన్ కాదట. గీయాల్సిన బొమ్మలు తగ్గుతుంటే లోపలి ప్రాసెసర్‌కు పని తగ్గి వేగం పెరిగింది. ఆయన అట్లనే ఉంచేశాడు. 1980లో నామ్‌కో కంపెనీలో తోరు ఇవాతాని 'ప్యాక్-మ్యాన్' చేశాడు. నా లెక్కలో బిళ్ళల కాలంలో ఇదే అన్నిటికంటే మంచి ఆట. కాల్చడం, నరకడం లేకుండా ఆడపిల్లలు కూడా షాపుకు రావాలని తినడం చుట్టూ కట్టాడు. నాలుగు దయ్యాలకు నాలుగు గుణాలు. ఒకటి వెనకాల తరుముతుంది, ఇంకొకటి నువ్వు పోబోయే చోటికి ముందే పోతుంది. మా సైట్‌లో ఫోర్మన్లు కూడా సరిగ్గా ఇట్లనే ఉంటారు.

ఇక మన సంగతికి వస్త. 1996, 97 ప్రాంతంలో జగిత్యాల బస్టాండు పక్కన ఒక రేకుల షాపులో నాలుగు మెషిన్లు ఉండె. అందులో రాజు 'ముస్తఫా'. మన దేశంలో ఎవరిని అడిగినా ఈ ఆట పేరు ముస్తఫా అనే చెప్తారు. అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని, 1993లో క్యాప్‌కామ్ చేసిందని, ఒక అమెరికా కామిక్ పుస్తకం నుంచి తీసిందని నాకు నలభై దాటినాక తెలిసింది. నలుగురు హీరోలలో ఒకని పేరు ముస్తఫా. వాడు మిగతావాళ్ళకంటే స్పీడు. అందరం వాణ్నే కావాలని కొట్లాడుకునేది. దాంతో ఆటకే వాని పేరు పడిపోయింది. చేసినోళ్ళు పెట్టిన పేరు తీసేసి ఆడినోళ్ళు పెట్టుకున్న పేరు నిలబడ్డ ఆట నాకు ఇంకోటి తెలియదు.

నిజం చెప్పాలంటే ఆట మామూలుదే. నడువు, కొట్టు, నడువు, కొట్టు. కానీ ముగ్గురం పక్కపక్కన భుజాలు రాసుకుంట ఆడుతుంటే ఆ మజానే వేరు. బాస్ దగ్గరికి రాంగనే ప్రాణాలు అయిపోయేవి. తెరమీద 10, 9, 8 అని లెక్క దిగుతుంటే వెనక నిల్చున్న పిల్లలను "ఒక్క రూపాయి ఉందారా" అని అడుగుతుంటిమి. కష్టం పెంచే, తగ్గించే సెట్టింగు మెషిన్ లోపలే ఓనర్ చేతిలో ఉంటుందని ఈ మధ్యనే చదివిన. మా షాపాయన ఏం చేసేవాడో ఆ దేవునికే తెలియాలి. కానీ ఒక్కటి, జేబు ఖాళీ అయితే చేతికి తెలిసేది. ఇంక నడుచుకుంట ఇంటికి పోయేది.

తర్వాత ఇంట్లో టీవీకి పెట్టుకునే క్యాసెట్ల కాలం. ఇక్కడ పైసలు ఒక్కసారే ఇస్తాం, కాబట్టి ఆట ఎక్కువ రోజులు రావాలి. ఈ లెక్క తప్పితే ఏమైతదో అటారీ వాళ్ళే చూపించారు. 1982లో ఈటీ సినిమా మీద గేమును హోవార్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క మనిషి చేత ఐదు వారాల్లో చేయించారు, క్రిస్మస్‌కు అమ్మాలని. ఆ ఆటలో గుంటలో పడుడు, లేచుడు, మళ్ళీ పడుడు, అంతే. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూ మెక్సికోలో అలమొగార్డో చెత్త దిబ్బలో పూడ్చారు. 2014లో తవ్వి తీశారు కూడా. అందరూ చెత్త గేమ్ అంటారు. ఐదు వారాలే ఇచ్చి పని చేయించినోన్ని మాత్రం ఎవరూ తిట్టరు. మేస్త్రి మీద అరుస్తారు, కాంట్రాక్టరును వదిలేస్తారు.

దానికి ఎదురుగా 1985 నాటి 'సూపర్ మారియో' పెట్టండి. షిగెరు మియామోతో మొదటి తెరలోనే పాఠం మొత్తం చెప్తాడు. ఎదురుగా ఒకటి నడుచుకుంట వస్తుంది, తగిలితే చస్తావు, రెండోసారి ఎగురుతావు. ఒక్క అక్షరం చదివే పని లేదు. ఇంగ్లీషు రాని నాకు అర్థమైన మొదటి ఆట అదే. మబ్బూ, పొదా ఒకటే బొమ్మ, రంగు మాత్రమే వేరు. అంత తక్కువ జాగాలో అంత పెద్ద లోకాన్ని సర్దాడు. 'కాంట్రా' మాత్రం ఒంటరిగా ఆడితే నాకు విసుగు. దాంట్లో 30 ప్రాణాలు ఇచ్చే బటన్ల వరుస ఉంటుంది కదా, అది మొదట పుట్టింది 1986లో 'గ్రేడియస్' అనే ఆటలో. దాన్ని ఇంటి మెషిన్‌కు తెచ్చిన కజుహిసా హషిమోతోకు తన ఆట తనకే కష్టమై, పరీక్ష చేయడానికి ఆ దొంగదారి పెట్టుకున్నాడట. మా ఊర్లో ఆ వరుస ఎవరికీ తెలియకపాయె!

'టెట్రిస్' గురించి ఒక్క మాట. 1984లో మాస్కోలో సోవియట్ సైన్స్ అకాడమీలో అలెక్సీ పజిత్నోవ్ చేశాడు. ఆ కంప్యూటర్‌కు బొమ్మలు గీయడమే రాదు, బ్రాకెట్లతో ఇటుకలు పేర్చాడు. ఆట ప్రపంచమంతా అమ్ముడుపోయింది కానీ ఆయన చేతికి రాయల్టీ పైసలు రావడం 1996 తర్వాతే. గల్ఫ్‌లో పెండింగ్ జీతాల గురించి ఏడ్చేటోళ్ళం ఆయన కథ చదవాలి.

2004లో నేను మొదటిసారి దుబాయ్ వచ్చిన. సోనాపూర్‌లో క్యాంపు, సైటుకు గంటన్నర బస్సు. చేతిలో నోకియా 1100. అందులో పాము ఆట ఉండె. ఫోన్‌లో పామును మొదట 1997లో నోకియా 6110 కోసం తనేలి అర్మాంతో అనే ఇంజినీరు రాశాడు. మా బస్సులో కేరళ అన్న ఒకాయన, నేపాలీ తమ్ముడు ఒకడు, నేను పందెం. భాష కలవకపోయినా స్కోరు కలుస్తుంది కదా. ఆ రెండేండ్లు ఇంటి మీద రంది ఎక్కువైనప్పుడల్లా నేను చేసింది ఆ పామును పెంచుడే. ఆ ఆట నన్ను ఏమీ అడగలే. పైసలు అడగలే, రేపు పొద్దున మళ్ళీ రమ్మనలే, ఎవరికీ మెసేజ్ పంపమనలే. చచ్చినంక స్కోరు చూపించి ఊరుకునేది. ఫోన్ అమ్మినప్పుడే పైసలు వచ్చేసినయి కాబట్టి దానికి నాతోని పని లేదు. అందుకే అంత మర్యాద.

2006లో సెలవు మీద పోయినప్పుడు కరీంనగర్‌లో నెట్ సెంటర్‌లో 'వైస్ సిటీ' ఆడిన. 2002 నాటి ఆట. హింస అని పెద్దలు తిట్టారు, అది నిజమే, కథ కూడా నాకు నచ్చలే. కానీ రోడ్లు, సముద్రం, రాత్రి లైట్లు! ఎక్కడికైనా పోవచ్చు. నేను రెండేండ్లు బతికిన దుబాయ్‌ను బస్సు కిటికీలోంచి తప్ప చూడలే. అందులో టాక్సీ నడిపి, పిజ్జాలు పంచి కూడా సంపాదించొచ్చు. పక్క కుర్చీల్లో పిల్లలంతా ట్యాంకు కోసం తిరుగుతుంటే నేను గంటకు గంట టాక్సీ నడిపిన. వాళ్ళు నవ్విండ్రు.

ఆ తర్వాత డబ్బా మళ్ళీ వచ్చింది, ఈసారి కనబడకుండా. 2009లో ఫేస్‌బుక్‌లో 'ఫార్మ్‌విల్'. ఫ్రీ. విత్తనం వేసి టైముకు రాకపోతే పంట ఎండిపోతుంది. మా బాపు రెండెకరాల మక్క నిజంగా ఎండిన ఏడాది, మా రూములో ఒకడు రాత్రి రెండింటికి అలారం పెట్టుకొని లేచి ఫోన్‌లో పంట కోసేవాడు. 2012లో 'క్యాండీ క్రష్' వచ్చింది. ఐదు ప్రాణాలు, పోయిన ఒక్కో ప్రాణం రావాలంటే అరగంట ఆగాలి, ఆగలేకపోతే కొనాలి. ముస్తఫా చావును అమ్మింది. ఇవి ఎదురుచూపును అమ్ముతున్నయి.

పబ్‌జీ మీద మాత్రం నాకు పూర్తి కోపం లేదు. ఆట మంచిది. వంద మంది ఒక జాగాలో దిగుతారు, చుట్టూ గీత దగ్గరికి జరుగుకుంట వస్తుంది. 2018 తర్వాత మా క్యాంపులో పిల్లలు ఊర్లో ఉన్న తమ్ముళ్ళతో రాత్రిపూట మాట్లాడుకుంట ఆడేవాళ్ళు. ఫోన్ చేస్తే "బాగున్నవా, తిన్నవా" కాడ ఆగిపోయే అన్నదమ్ములు అందులో గంటలు మాట్లాడుకున్నారు. 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో నిషేధించినప్పుడు మా రూములో ఒకడు ఆ రోజు అన్నం తినలే.

అసలు తప్పు ఆటల కన్నా ఆటలు తెరిచిన దుకాణాల్లో ఉంది. రూపాయలను డైమండ్లు చేస్తారు, అప్పుడు ఖర్చు ఖర్చులాగ కనబడదు. ప్యాకెట్‌లో వచ్చే లెక్క ఒకటి, వస్తువు ధర ఇంకొకటి, ఎప్పుడూ కొన్ని తక్కువ పడతయి. పైగా లోపల ఏముందో తెలియని పెట్టెలు. బెల్జియం 2018లోనే ఆ పెట్టెలు జూదమని తేల్చింది. మన దగ్గర తెలంగాణలో 2017లో ఆన్‌లైన్ రమ్మీని ఆపారు, 2025 ఆగస్టులో కేంద్రం పైసలు పెట్టి పైసలు గెలిచే ఆటలన్నీ బందు చేస్తూ చట్టం తెచ్చింది. మంచిదే. కానీ డైమండ్లు కొంటే పైసలు తిరిగొస్తయన్న ఆశ కూడా లేదు, అందుకే అది జూదం కిందికి రాదు! మా పిలగాని జేబు ఎన్నడూ ఖాళీ కాలే, ఎందుకంటే వానికి జేబే లేదు. ఖాళీ అయిన జేబు నాది, అదీ రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంల.

చివరగా నేను దాచుకున్న ఆట చెప్తా. 'పేపర్స్, ప్లీజ్'. లూకాస్ పోప్ అనే ఆయన ఒక్కడే 2013లో చేశాడు, 2022 నుంచి మామూలు ఫోన్లలో కూడా ఉంది. ఒకసారి కొంటే మళ్ళీ పైసా అడగదు. అందులో నువ్వు ఇమిగ్రేషన్ కౌంటర్లో కూర్చునే ఆఫీసర్‌వి. జనం లైన్లో వస్తారు. పాస్‌పోర్టు, పర్మిట్ చూసి తేడా ఉంటే ఎర్ర స్టాంపు, లేకపోతే పచ్చ. మనిషికి ఇంత అని జీతం. సాయంత్రం ఆ జీతంలోంచే అద్దె, తిండి, చలి కాచుకునే ఖర్చు కట్టాలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్త, ఒక అంకుల్ ఉంటారు. తప్పు చేస్తే రోజుకు రెండు వార్నింగులు, ఆ తర్వాత జీతంలో కోత. ఒక ముసలాయన చేత్తో గీసుకున్న పాస్‌పోర్టు పట్టుకొని వస్తాడు, నవ్వాగదు.

నేను ఈసీఆర్ పాస్‌పోర్టోన్ని. ఇరవై ఏండ్లు కౌంటర్‌కు ఇటువైపే నిల్చున్న. ఒకసారి ఒక ఎయిర్‌పోర్టులో పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని ఐదు గంటలు పక్కన నిలబెట్టారు. ఆ ఆఫీసర్ మొఖం ఇప్పటికీ మరువలే. ఈ ఆటలో మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చున్న. మూడో రోజుకే నేను కూడా మొఖాలు చూడుడు మానేసి తారీఖులు చూడుడు మొదలుపెట్టిన.

మొన్న దాన్ని మా ఆమె ఫోన్‌లో పెట్టించిన. కొన్ని చెకింగ్ బొమ్మలు పిల్లలకు తగినవి కావు, సెట్టింగులో ఆపేసిన. స్పీకర్ ఆన్ చేసి వాడక్కడ, నేనిక్కడ. లైన్లో భార్యాభర్తలు వచ్చారు. భర్త కాగితాలు కరెక్టు, లోపలికి పోయాడు. వెనక భార్యకు పర్మిట్ లేదు. వెనక్కి పంపితే చంపేస్తారని బతిమాలుతుంది.

"బాపూ, పంపాల్నా వద్దా?"

నేను చెప్పలే. కొంచెం సేపు చప్పుడు లేదు. తర్వాత స్టాంపు పడ్డ సప్పుడు, దాని వెనకనే వార్నింగ్ చీటీ మిషన్ సప్పుడు.

"వార్నింగే బాపూ, జీతం కోయలే" అన్నాడు. మళ్ళీ వాడే, "నిన్ను గూడ గిట్లనే అడుగుతరా?"

"అడుగుతరు" అన్న.

ఇప్పుడు ఆరో రోజు ఆడుతున్నాడట. నిన్న రాత్రి మెసేజ్ పెట్టిండు, అద్దె కట్టినంక తిండికి సరిపోతలేవని.