ఎవరిని నిలుపుకొనవలెను?

ప్రతి సంవత్సరము వసంతర్తువున బేస్‌బాల్ పోటీలు మొదలగుటకు ముందు, అమెరికాలో అనేకులు ఒక చిక్కుప్రశ్నతో కుస్తీ పట్టుచుందురు. నిరుటి జట్టులో ఎవరిని నిలుపుకొనవలెను, ఎవరిని విడువవలెను? వీరు నిజమైన జట్లకు యజమానులు కారు. ఆటగాండ్ర పేర్లను వేలములో పాడుకొని, ఊహాజట్లను కూర్చుకొని, మైదానములో ఆ ఆటగాండ్రు చూపిన ప్రతాపమును అంకెలలో లెక్కగట్టి పోటీపడు వినోదప్రియులు. అయితే వారి ప్రశ్న వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని గూర్చి మనమిపుడు ముచ్చటింతము.

నేషనల్ లీగ్ 1876లో ఏర్పడినది. తొలి దినములలో ఒప్పందపు గడువు తీరగానే ఆటగాడు తన ఇష్టము వచ్చిన జట్టులో చేరవచ్చును. 1878లో హ్యారీ రైట్ నడిపిన బోస్టన్ జట్టు విజేత. మరుసటి యేడు ఆతని తమ్ముడు జార్జి రైట్ ప్రావిడెన్స్ నగరపు జట్టునకు వెడలి, నాయకుడై, అన్నగారి జట్టును మించి విజయమును సాధించెను.

ఇట్టి వలసలు జీతములను పెంచుచున్నవని యజమానులు తలచిరి. 1879 సెప్టెంబరులో బఫెలో నగరమున సమావేశమై, ప్రతి జట్టు ఐదుగురిని తనకై నిలుపుకొనవచ్చుననియు, వారిని మరెవ్వరును చేర్చుకొనరాదనియు కట్టడి చేసికొనిరి. ఆ ఐదుగురిలో ఉండుట గౌరవమని కొందరు తొలుత భావించిరి. కాని జార్జి రైట్ సంగతి చూడుడు. ప్రావిడెన్స్ వారు ఆతనిని నిలుపుకొనిరి. ఆతడు 1880లో వారి పక్షమున ఆడలేదు, బోస్టన్ జట్టులో మునుపటివలె స్థిరపడుటకును వీలు చిక్కలేదు.

1883 నాటికి ఐదుగురు పదునొకండుగురైరి. పిమ్మట జట్టంతయు ఈ కట్టడి క్రిందికి వచ్చినది. బేస్‌బాల్ ఆటగాడు ఒకరి సొత్తా యని జాన్ మాంట్‌గొమెరీ వార్డ్ 1887లోనే ఒక వ్యాసమున ప్రశ్నించెను. తనను అడుగకయే 1969లో తనను మరొక జట్టునకు మార్చినందుకు కర్ట్ ఫ్లడ్ న్యాయస్థానమున పోరాడెను. 1972లో సుప్రీంకోర్టులో ఓడెను. కడకు 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ కట్టడి సడలినది.

తరువాత ఐదేండ్లకు, 1980లో, డేనియల్ ఓక్రెంట్ అను రచయితయు మిత్రులును న్యూయార్కులోని ఒక ఫ్రెంచి భోజనశాల పేరిట ఈ ఊహాక్రీడను నెలకొల్పిరి. ప్రతి జట్టునకు 260 డాలర్ల లెక్క. దానితో 23 మంది ఆటగాండ్రు. ఇందులో ప్రఖ్యాతుని నిలుపుకొనుటయే తెలివి కాదు. 5 డాలర్లకు పాడుకొనినవాడు నేడు 20 డాలర్ల పాటి ఆట ఆడునేని వానిని నిలుపవలెను; 40 డాలర్లవాడు 30 డాలర్ల పాటివాడైనచో, ఎంత పేరుగలవాడైనను విడువవలెను. మిగిలిన సొమ్ము వేలమున అక్కఱకు వచ్చును.

బఫెలోలో యజమానులు వేసిన లెక్కయు ఇంచుమించు ఇదియే. భేదమొక్కటి. ఊహాజట్టువారు నిలుపుకొనిన ఆటగానికి ఏ బంధనమును లేదు. విడిచినవానికి కూడు కరవు కాదు. జార్జి రైట్ నిలువవలసినది మాత్రము నిజమైన మైదానమునకు వెలుపల.